కుండబద్దలు: చదివినందుకు కూలి

పోయిన వారం మన కుండబద్దలును షావుకారు గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. పుస్తకం చదివి, ఫోను ముందు కూర్చుని, మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది కాబట్టి చూసేవాళ్ళే ఆ పేరు పెట్టారు. బీమా కంపెనీలో కౌంటరు ఉద్యోగం మానేసి మరీ ఈ పనిలో దిగింది. పుస్తకం వేసినవాళ్ళ దగ్గర చదివినందుకు డబ్బు తీసుకుంటుంది. తీసుకున్నానని మొదటి మాటగా చెబుతుంది. ఆ తర్వాత బాగుంటే బాగుందంటుంది, లేకపోతే లేదంటుంది. కిందటి నెల సొంత బావ, అంటే అక్క మొగుడు, రాసిన నవలనూ వదల్లేదు. మొదటి సగం పరుగెత్తింది, రెండో సగం కూలబడింది, ముగింపు ఒక్కటే పరువు నిలబెట్టింది అని వేలమంది ముందు అనేసింది. ఆ నవల వేసింది షావుకారు. ఆమెకు డబ్బిచ్చిందీ షావుకారే. రమ్మని కబురొస్తే వచ్చింది. తలుపు తోసేసరికి షావుకారుకు ఎదురుగా బావ కూర్చుని ఉన్నాడు, తీరిగ్గా నవ్వుతూ.

ఆ నవ్వు చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. నెల రోజులుగా మొహం చాటేసిన మనిషి ఇవాళ నవ్వుతున్నాడంటే ఏదో దొరికిందన్నమాటే. బావ సంగతి ఆమెకు తెలియనిది కాదు. కోపమొస్తే అరుస్తాడు, అంతవరకూ భయం లేదు. నవ్వితేనే కొంప మునుగుతుంది.

గది అచ్చాఫీసు మీద అటకలా ఉంటుంది. కింద కాగితం కోసే మిషను దిగినప్పుడల్లా బల్ల మీద గ్లాసులు వణుకుతాయి. గోడ సగం దాకా కట్టలు, అన్నీ బావ నవలవే, షాపులవాళ్ళు తిప్పి పంపినవి. మిగతా సగానికి ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టి, దాని వెనక ప్రూఫులు చూసేవాళ్ళకు ఒక బల్ల వేశారు. గదంతా జిగురు వాసన. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

షావుకారు చెడ్డవాడేం కాదు, గోడ మీద పిల్లి, అంతే. ఎటు పాలగిన్నె ఉంటే అటు దూకుతాడు. ముందుగా కట్టలకేసి చెయ్యి చూపించాడు. ఒక్కో షాపువాడూ ఫోను చేసి ఏమన్నాడో వరసబెట్టి చెప్పుకొచ్చాడు. తర్వాత ఆమె డబ్బు తీసుకున్న రోజు ఎంత మర్యాదగా మాట్లాడిందో గుర్తుచేశాడు. చివరికి అసలు బాధ బయటపెట్టాడు.

"చూడమ్మా, నేను వ్యాపారిని. డబ్బిచ్చి చెంపదెబ్బ కొనుక్కున్న వ్యాపారిని ఎక్కడైనా చూశావా?"

"మీరు కొన్నది నా టైము షావుకారుగారూ, నోరు కాదు. ఆ మాట అప్పుడే చెప్పాను."

చెప్పిందని ఆయనా ఒప్పుకున్నాడు. అయితే అందరూ అలాగే చెబుతారనీ, చెప్పినట్టు చేసేవాళ్ళను మాత్రం ఈమెనే చూశాననీ దిగులుగా అన్నాడు. ఆ ముక్క మెప్పో తిట్టో ఆయనకే తెలియాలి.

అప్పటిదాకా ఊరుకున్న బావ అందుకున్నాడు. తన రోజుల్లో పత్రికల్లో సమీక్షలు రాసిన పెద్దలకు చేతికి పుస్తకం తప్ప ఏమీ దక్కేది కాదన్నాడు. అయినా రాత్రంతా మేలుకుని చదివేవాళ్ళట. ఇప్పుడు ఫోను పట్టుకున్న ప్రతివాళ్ళూ విమర్శకులేననీ, ధర చెప్పందే అట్ట కూడా తిప్పరనీ దెప్పాడు. ఆమెకు ఇది కొత్త పాట కాదు. రేపు సాయంత్రం లైబ్రరీ హాల్లో దీని మీదే చర్చ పెట్టారు, ఫోన్లో పుస్తకాల గురించి చెప్పేవాళ్ళకు డబ్బివ్వాలా వద్దా అని. ఇవ్వాలని ఈమె మాట్లాడుతుంది, వద్దని బావ మాట్లాడతాడు. కుటుంబం పరువంతా ఒకే వేదిక మీద, టిక్కెట్టు లేకుండా.

"ఆ పెద్దలకు నెల తిరిగితే జీతం వచ్చే ఉద్యోగాలుండేవి బావా" అంది. "కింద పుస్తకం కుట్టేవాళ్ళకు కూలిస్తున్నారు. అట్ట మీద బొమ్మేసినవాళ్ళకు ఇస్తున్నారు. కట్టలు మోసేవాళ్ళకు ఇస్తున్నారు. మొదట్నుంచి చివరిదాకా చదివే మనిషి దగ్గరకొచ్చేసరికి మాత్రం అది ప్రేమ అయిపోతుందా?"

"తూకం వేసేవాడికి సరుకు అమ్మేవాడే జీతమిస్తే, ఆ తూకం ఎవరు నమ్ముతారు?"

ఈ మాట ఆమెకు తగిలింది. తగలదా మరి. నిద్రపట్టని రోజుల్లో తనను తాను అడుక్కునే ప్రశ్నే అది. పోయిన ఏడాది ఒక కవిత్వం పుస్తకాన్ని ఉన్నదానికంటే కాస్త ఎక్కువ మెచ్చుకుందేమోనని ఆమెకు ఇప్పటికీ అనుమానం. కానీ బావ ముందు ఆ గుమ్మం తెరిచిందంటే ఇల్లంతా దోచుకుపోతాడు.

"తూకం సరిగ్గా ఉందనేగా మీ మంట" అంది. "ఉన్నమాటంటే ఉలుకెక్కువ."

షావుకారు దగ్గొచ్చినట్టు తల తిప్పుకున్నాడు. బావ మొహంలో మాత్రం నవ్వు చెక్కుచెదరలేదు. సంచిలోంచి తన నవల తీసి, బల్ల మీద పెట్టి, అట్ట మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అడిగాడు. ముగింపు నచ్చిందన్నావు కదమ్మా, ఆ ముగింపేమిటో షావుకారుకు ఒక్కసారి చెప్పు, ఆయన కూడా సంతోషిస్తాడు అని.

ఇందులో మోసమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. చెప్పింది. ఇల్లు విడిచి వచ్చేసిన భార్య రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది. చేతిలో సంచి. రైలొచ్చి ఆగుతుంది. ఎక్కిందో లేదో చెప్పకుండా అక్కడ వదిలేశారు. నవలంతటిలో రచయిత నోరు మూసుకున్న చోటు అదొక్కటే, అందుకే నచ్చింది అని, కసి కూడా కలిపి చెప్పింది.

బావ పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఆమె వైపు తోశాడు.

"ఎక్కలేదమ్మా. ఇంటికి తిరిగొచ్చింది. ఇంకో అధ్యాయముంది."

ఉంది. పదహారు పేజీలు, ఒక పూర్తి ఫారం. ఆమె ఆ పేజీల కేసి చూసింది గానీ అక్షరం కూడా కళ్ళకు ఆనలేదు. షావుకారు పద్ధతి అందరికీ తెలిసిందే. సమీక్షలకు పంపే ప్రతిని కుట్టించడు, అట్ట వేయించడు. పదహారేసి పేజీల ఫారాలు మడిచి, వరసగా పేర్చి, తాడు కట్టి ఇచ్చేస్తాడు. అప్పటికి విషయసూచిక కూడా అచ్చయి ఉండదు. ఆ తాడు కట్టలోంచి చివరి ఫారం జారిపోతే, చదివే మనిషికి తెలిసే దారేలేదు. అధ్యాయం అయిపోయింది, కథ అయిపోయిందనుకుంది. అనుకుని ఊరుకుందా, ఆ లేని పేజీలనే రచయిత గొప్పతనమని మెచ్చుకుంది.

"'సమాప్తం' లేకపోతే అనుమానమైనా రాలేదా?" అన్నాడు బావ.

"ఈ రోజుల్లో ఎవరేస్తున్నారు సమాప్తం" అని గొణిగింది గానీ, ఆ గొంతు తనకే నచ్చలేదు.

ఇక బావ తన షరతు చెప్పాడు. ఎంత మెత్తగా చెప్పాడంటే, పక్క గదిలో వినేవాళ్ళకు దీవిస్తున్నాడేమో అనిపిస్తుంది. రేపు లైబ్రరీ హాల్లో ఆమె లేచి నిలబడి, డబ్బు తీసుకుని చెప్పే సమీక్ష సమీక్షే కాదని తన నోటితో తనే ఒప్పుకోవాలి. వీడియో తీసేయాలి. ఇక మీదట ఫోను ముందు కూర్చోకూడదు. అలా చేస్తే ఈ పదహారు పేజీల సంగతి ఈ గది దాటదు. చేయకపోతే, డబ్బు పూర్తిగా తీసుకుని పుస్తకం పూర్తిగా చదవని మనిషి ఈవిడేనని, ఇదే పుస్తకం చేత్తో పట్టుకుని హాలందరికీ చూపిస్తాడు.

షావుకారు వీడియో తీసేస్తే చాలు కదా, మిగతావి ఎందుకని నసిగాడు. ఆయన మాట ఎవరూ లెక్కచేయలేదు.

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పేరు పోతే పని పోతుంది. బీమా కౌంటరులో ఆమె కుర్చీలో ఎప్పుడో ఇంకొకరు కూర్చున్నారు. అంతకంటే ముఖ్యంగా, ఈ మనిషి చెప్పుచేతల్లో నోరు మూసుకుని బతకడం ఆమె వల్ల అయ్యే పని కాదు. కింద మిషను దిగింది, గ్లాసులు వణికాయి. ఆమె ఫోను తీసి, ఎదురుగా ఉన్న కట్టకు ఆనించి నిలబెట్టి, లైవ్ నొక్కింది.

ఏం చేస్తున్నావమ్మా అంటూ షావుకారు లేచి నిలబడ్డాడు. బావకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అయ్యాక నవ్వు మొహం మీదే ఆరిపోయింది. ఎదుటివాళ్ళ తప్పు పట్టుకుని బెదిరించేవాళ్ళకు ఇదొక్కటే తెలియదు. ఆ తప్పు చేసినవాళ్ళే ముందు చెప్పేసుకుంటే చేతిలో మిగిలేది ఒట్టి పిడి.

జనం ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు. ఆమె ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఫలానా నవల గురించి డబ్బు తీసుకుని చెప్పాను, అందులో చివరి అధ్యాయం నేను చదవలేదు, నా దగ్గరకొచ్చిన ప్రతిలో ఆ ఫారం లేదు, లేదని తెలుసుకోకపోవడం నా తప్పు. వంకలు పెట్టలేదు, ఏడవలేదు.

వ్యాఖ్యలు కుండపోతగా వచ్చి పడ్డాయి. మెచ్చుకున్నవాళ్ళు కొందరున్నారు. తిట్టినవాళ్ళే ఎక్కువ. ముక్కాలు చదివి పూర్తి కూలా అని ఒకరు, ఇలాంటివాళ్ళకు డబ్బిచ్చేవాళ్ళను అనాలి అని ఇంకొకరు. నిన్నటిదాకా అక్కా అక్కా అంటూ వెంటపడ్డవాళ్ళే. బావ ఊరుకుంటాడా. కుర్చీ జరుపుకుని వచ్చి ఫోనులో తన మొహం కూడా పడేలా కూర్చున్నాడు. చూస్తున్నవాళ్ళకు నమస్కారం పెట్టి, ఫారం జారిపోయిందన్న మాట మనం నమ్ముదాం, అది ఆ అమ్మాయి అదృష్టం అన్నాడు. కానీ చివరి అధ్యాయం ఒక్కటేనా చదవనిది, రెండో సగం కూడా చదవలేదేమో, మొదటి సగం కూడా ఎవరైనా చెబితే విన్నదేమో, డబ్బు ముట్టాక చదవాల్సిన అవసరమేముంది అని ఒక్కో మాటా నింపాదిగా పేర్చాడు.

"ఫారం జారిపోలేదు."

ఆ మాట ప్లైవుడ్ చెక్క వెనక నుంచి వచ్చింది. ముందు గొంతు వచ్చింది, తర్వాత మనిషి. కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, చేతిలో ఎర్ర పెన్నుతో అక్క వచ్చి నిలబడింది. బావ నవలలన్నిటికీ ప్రూఫులు చూసేది ఆవిడే. ఇంటి మనిషికి కూలేమిటని షావుకారూ ఇవ్వలేదు, బావా అడగలేదు. అవతల కూర్చుని పొద్దుటి నుంచీ అంతా వింటూనే ఉంది. బావకు ఆ సంగతి తెలుసు. భార్య విన్నా ఏమీ అనదని ఆయన ధీమా.

"నేనే తీశాను" అంది అక్క. "కట్ట నా చేతుల మీదుగానేగా వెళ్ళింది."

కుండబద్దలుకు ముందు వచ్చింది కృతజ్ఞత కాదు, కోపం. వేలమంది తనను ఉతికి ఆరేస్తుంటే చెక్క వెనక కామాలు దిద్దుకుంటూ కూర్చుందా ఈవిడ? నెల రోజుల నుంచి నోరెందుకు విప్పలేదు? నా పేరుతో ఆడుకునే హక్కు నీకెవరిచ్చారని ఫోను సంగతి కూడా మరిచిపోయి అక్క మీద విరుచుకుపడింది. చెల్లెలు అంత మాట అన్నా అక్క కళ్ళు తిప్పుకోలేదు.

బావ గొంతు మారింది. ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందాం, లోపలికి వెళ్ళు అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. బల్ల దగ్గరకొచ్చి, పుస్తకం తీసి, ఆ చివరి అధ్యాయం మొదటి పేజీ తిప్పి చెల్లెలి చేతిలో పెట్టింది.

"చదివినందుకేగా నీకు డబ్బిచ్చేది. చదువు. ఎంతో వద్దు, రెండు పేజీలు చాలు. పైకి చదువు."

బావ చెయ్యి చాచాడు. షావుకారు ఆ చేతికి అడ్డొచ్చాడు. ఫోనులో జనం ఎంతమంది ఉన్నారో ఆయన అప్పటికే చూశాడు. చదవనివ్వండి, మన పుస్తకమేగా అన్నాడు. పాలగిన్నె ఎటుందో కనిపెట్టేశాడు మహానుభావుడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. ప్లాట్‌ఫారం మీద భార్య నిలబడి ఉంటుంది. రైలు కదలబోతుండగా చెల్లెలు పరుగెత్తుకుంటూ వస్తుంది. అక్కడిదాకా మామూలుగానే చదివింది. తర్వాతి పేరాలో ముందురోజు సాయంత్రం జరిగింది రాశాడు. భర్త ఆ చెల్లెలిని పిలిచి కవరు చేతిలో పెడతాడు. ఆమె కవరులోకి తొంగి చూసుకుని, మీరు చెప్పమన్నట్టే చెబుతాను అంటుంది. ఇప్పుడు అక్క చెయ్యి పట్టుకుని కన్నీళ్ళతో చెబుతుంది, ఇంటికి వెళ్ళిపో అక్కా, ఆయన నువ్వు లేకుండా బతకలేడు అని. ఆ అక్క నమ్మి వెనక్కి తిరుగుతుంది.

చదివే గొంతు పేరా మధ్యలోనే ఆగిపోయింది.

ఇది కథ కాదు. చాలా ఏళ్ళ కిందట అక్క నిజంగానే ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. వేరే ఊళ్ళో ఆడవాళ్ళ హాస్టల్లో ఉండి, అక్కడి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం సంపాదించుకుంది. నెల జీతం, తనకంటూ ఒక గది, గదికి తాళం చెవి. అప్పుడు చెల్లెలు ఆ హాస్టలుకు వెళ్ళి, ఒక పగలంతా కూర్చుని, ఏడ్చి, అక్కను ఒప్పించి ఇంటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత అక్క జీతం మొహం చూడలేదు. ఈ ముగ్గురికీ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. కవరు సంగతైతే ముగ్గురికి కూడా కాదు, ఇద్దరికే తెలుసు. అలా అని కుండబద్దలు ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది.

"నవలన్నాక కల్పన ఉంటుంది" అన్నాడు బావ. నీళ్ళు నమిలినట్టుంది ఆ మాట. నోరు అమ్ముకునేవాళ్ళ గురించి రాయాలనిపించి రాశాడు, మరదలి మీద కసితో రాశాడు. ముగింపు బాగుందని ఆమె మెచ్చుకున్నప్పుడే ఆ అధ్యాయం చదవలేదని కనిపెట్టాడు. రాసేటప్పుడు తానెక్కడ దొరికిపోతాడో చూసుకోలేదు. ప్రూఫులు దిద్దే మనిషి ఆ పేజీలు అందరికంటే ముందు చదువుతుందన్న మాటే ఆయన బుర్రకు తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె చదువుతున్నది అక్షరాలేననీ, కథ కాదనీ అనుకున్నాడేమో.

అక్క ఆయన కేసి చూడనైనా లేదు. "నీ నోటితో నువ్వే చదవాల్సి వస్తుందని అప్పుడు ఆ ఫారం తీసేశాను" అంది చెల్లెలితో. "నీకు డబ్బిచ్చి మరీ ఇది చదివిస్తారా అనిపించింది. ఇది అబద్ధం, నీ గురించి ఈయన అల్లిన అబద్ధం, నీ కంట పడకూడదు అనుకున్నాను. నెలంతా అలాగే అనుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే నీ మొహం చూశాను."

షావుకారు కూర్చోవడం మరిచిపోయి నిలబడే ఉన్నాడు.

"ఒక్కటే అడుగుతాను" అంది అక్క. "ఆ రోజు హాస్టలుకొచ్చి నన్ను ఇంటికి పొమ్మన్నావే. అది నీ మాటేనా?"

కుండబద్దలు ఫోను కేసి చూసింది, బావ కేసి చూసింది. కట్టేసి బయటికి నడవొచ్చు. బావ చెప్పినట్టు అంతా కల్పన అనేయొచ్చు, ఆయన కూడా ఔనంటాడు, ఇద్దరి పరువూ దక్కుతుంది. అప్పట్లో తన చదువుకు కట్టాల్సిన ఫీజు గుర్తొచ్చింది. అక్క హాస్టలు గదిలో మంచం మీద పరిచి ఉన్న ప్రూఫు కాగితాలు గుర్తొచ్చాయి. ఇంటికి రమ్మన్నప్పుడు అక్క వాటిని ఎంత జాగ్రత్తగా దొంతి పెట్టిందో కూడా గుర్తొచ్చింది.

"డబ్బు తీసుకున్నాను" అంది.

బావ కళ్ళు మూసుకున్నాడు. అక్క నెత్తి మీది కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుంది. చెల్లెలి మొహం బాగా కనపడాలన్నట్టు ఇంకో అడుగు దగ్గరకొచ్చింది.

"నేనడిగింది డబ్బు సంగతి కాదే" అంది. "మాట సంగతి."